గాదెలు మావి, గింజలు వాళ్ళవి

కృష్ణా డెల్టా చరిత్ర ఎవరు రాసినా బెజవాడ ఆనకట్టతోనే మొదలుపెడతారు. 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. ఊహ ఆర్థర్ కాటన్‌ది, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య రాయి పడింది. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ పారాయి. నూరేళ్ళ తర్వాత, 1957 నాటికి, పాత ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజి లేచింది. నేడు ఈ డెల్టా ఆయకట్టు 13 లక్షల ఎకరాల పైమాట. నీళ్ళ లెక్క ఉంది, నేల లెక్క ఉంది, శిస్తు లెక్క అయితే అణా పైసలతో సహా ఉంది.

విత్తనం లెక్క మాత్రం ఎక్కడా కనపడదు. మార్గశిర, పుష్యమాసాల్లో కోసిన వడ్లు ఏరువాక దాటి నారుమడిలో పడేదాకా ఐదారు నెలలు. ఆ ఐదారు నెలలూ విత్తనం ఎక్కడ ఉంది? ఎవరు అల్లిన దాంట్లో ఉంది? దానికి కాపలా ఎవరు? ఈ ప్రశ్నలు అడిగితే తప్ప మా జాతులు డెల్టా చరిత్రలో కనపడవు. మేమంటే ఎరుకలం, యానాదులం, లంబాడీలం. మాకు పొలాలు లేవు కాబట్టి రైతుల చరిత్రలో మేము లేము. కొండల్లో లేము కాబట్టి ఆదివాసీల చరిత్రలోనూ మా మాట తక్కువే. ఊరికీ పొలానికీ మధ్య ఉన్నాం. విత్తనం దాగేది కూడా సరిగ్గా అక్కడే.

మాగాణి ఊళ్ళలో వరిగడ్డితో వెంటి పేనేవారు. ఆ వెంటిని గుండ్రంగా చుట్టుకుంటూ పైకి లేపి, లోపల వడ్లు పోసి, మీద గడ్డి కప్పితే అది పురి. పురి ఆసామి తన పాలేళ్ళతో కట్టించుకునేది. మెట్టలో, నందిగామ జగ్గయ్యపేట వైపు, గట్టి నేలలో గొయ్యి తవ్వి జొన్నలు పాతర వేసేవారు. పాతరలో ఊపిరాడక వేడెక్కిన గింజ తిండికి పనికొస్తుంది గాని మొలకకు నమ్మకం లేదు. అందుకని విత్తనం గాదెలోనో, బుట్టలోనో, కుండలోనో ఉండాలి. గాదె, బుట్ట ఎరుకలవాళ్ళ పని.

గాదె అల్లడం చూసినవాళ్ళు ఇప్పుడు తక్కువ కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. వెదురును నిలువునా చీల్చి, లోపలి బెండు తీసేసి, బద్దలు చేయాలి. పచ్చిగా ఉన్నప్పుడే చీల్చాలి, ఎండితే విరుగుతుంది. అసలు పని అంతా అడుగులోనే ఉంది. చుట్టూ గోడ పిల్లలు కూడా అల్లుతారు. అడుగు బిగువుగా పడకపోతే నాలుగు బస్తాలు పోసేసరికి బద్దలు విచ్చుకుంటాయి. అల్లడం అయ్యాక పేడా మట్టీ కలిపి లోపలా బయటా మెత్తి, ఆరనిచ్చి, మళ్ళీ మెత్తాలి. నేల చెమ్మ తగలకుండా రాళ్ళమీద నిలబెట్టాలి. గింజకు గాలి ఆడాలి, ఎలుక దూరకూడదు. ఈ రెండు కోరికలకూ ఒకదానికొకటి పడదు. ఆ తగువు తీర్చేది అల్లిక. డెల్టాలో వెదురు పెరగదు, పైనున్న అడవుల నుంచి రావలసిందే. అది దొరకని చోట ఈతమట్టలతో, తాటాకుతో చిన్న బుట్టలు అల్లేవాళ్ళం. ఈత ఎక్కడపడితే అక్కడ ఉంటుంది. ఈత బుట్టలో మాత్రం పెద్దగా వడ్లు పట్టవు. మినుములకు, పెసలకు సరిపోతుంది.

అన్నట్టు, వడ్ల కన్నా మినుము దాచడమే కష్టం. డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, చేను నిలబడి ఉండగానే, ఆ పదునులో మినుములు చల్లేస్తారు. పంట మాఘ ఫాల్గుణాల్లో చేతికొస్తుంది. మళ్ళీ చల్లేది కార్తీకం తర్వాత. అంటే మినుము విత్తనం వానాకాలం మొత్తాన్ని ఇంట్లోనే దాటాలి. పెంకుపురుగు ఒక్కటి పడితే రెండు నెలల్లో కుండనిండా తొర్ర గింజలే. అందుకే పొయ్యి బూడిద కలపడం, ఆముదం పట్టించడం, వేపాకూ వావిలాకూ పొరలుగా వేయడం. వడ్లకు ఇంత హంగామా లేదు. విత్తనపు వడ్లను తిండివడ్లతో కలపకుండా వేరే కొట్టి, పొద్దుటి ఎండలో నాలుగు రోజులు ఆరబోసి, ఒక గింజ పళ్ళ కింద పెట్టి కొరకాలి. టక్కుమని విరిగితే ఆరినట్టు. మెత్తగా నలిగితే ఇంకా ఎండ కావాలి. ఇప్పుడు విత్తన శాఖవాళ్ళు వరి విత్తనంలో తేమ 13 శాతం మించకూడదని చెబుతారు. మా అవ్వల పళ్ళు చెప్పింది దాదాపు అదే.

ఇంత చేసినందుకు కూలి డబ్బుగా వచ్చేది కాదు. కళ్ళం నాడు చేటతో కొలిచిన గింజలే కూలి. గాదె ఆసామి ఇంట్లో ఉంటుంది, అందులో గింజలు ఆసామివి. తెలుగులో గాదె కింది పందికొక్కు అని ఒక తిట్టు ఉంది. కూర్చుని తినేవాళ్ళను అంటారు. ఆ గాదె ఎవరు అల్లారో, ఆ పందికొక్కును ఎవరు పట్టారో చెప్పే మాట ఒక్కటీ భాషలో లేకపోవడం మాకు ఆశ్చర్యం కలిగించదు.

పందికొక్కును పట్టింది యానాదులు. ఈ పేరు చాలా దూరం వెళ్ళింది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని బాండికూట్ అన్నారు, శాస్త్రజ్ఞులు మన పొలాల్లో కలుగులు తవ్వే ఎలుకకు బాండికోటా బెంగాలెన్సిస్ అని పేరు పెట్టారు. పలికి చూడండి, లోపల మన తెలుగు మాటే వినిపిస్తుంది. ఈ ఎలుక పొట్టకు మాత్రమే తినదు. పండిన కంకులను కొరికి, కలుగులోకి మోసుకుపోయి, అరల్లో పేర్చి దాచుకుంటుంది. చేలో ఉన్నంతకాలం వరికీ, గట్టెక్కాక గాదెకూ అదే శత్రువు.

యానాదుల పద్ధతి ఇది. ముందు గట్టంతా తిరిగి కలుగుకు ఎన్ని దారులున్నాయో చూసి, ఒకటి విడిచి మిగతావన్నీ మట్టితో మూస్తారు. కుండ అడుగున చిన్న చిల్లు పెట్టి, లోపల గడ్డి కుక్కి నిప్పంటించి, కుండ మూతిని కలుగు నోటికి ఆనించి, చిల్లులోంచి నోటితో ఊదుతారు. పొగకు ఎలుక లోపలే సొమ్మసిల్లుతుంది. అప్పుడు తవ్వుతారు. ఎలుకతోపాటు అది దాచిన కంకులూ బయటపడతాయి. ఒక కలుగు కోసం ఊదినవాడు రోజుకు ఎన్నో కలుగులు ఊదాలి. ఆ పొగలో సగం మనిషి ఊపిరితిత్తుల్లోకే పోతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వెదురు బుట్టలతో ఎలుకలు పట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. జింక్ ఫాస్ఫైడ్ వచ్చింది, బ్రోమోడయోలోన్ వచ్చింది, అయినా నారుమడి పోసే కాలంలో రైతు వాళ్ళకోసమే కబురు పెడతాడు. మందు తిన్న ఎలుక ఎక్కడ చచ్చిందో తెలియదు. బుట్టలో పడ్డదాన్ని లెక్కపెట్టుకోవచ్చు.

కలుగులో దొరికిన ధాన్యం ఎవరిది? తవ్వినవాళ్ళు దాన్ని తెచ్చుకునేవారు, అది వాడుక. ఎలుక దాచింది, ఆసామి అప్పటికే పోయిందనుకున్నది. కోత అయ్యాక చేలో రాలిన కంకులు ఏరుకోవడం, అంటే పరిగె, ఆడవాళ్ళ పని. పరిగె గింజలు, కలుగు గింజలు కలిపితేనే భూమి లేనివాళ్ళ ఇంట్లో ఒక కుండ నిండేది. కాలవగట్టు మీదో, లంకలోనో, చెరువు అంచునో ఎవరూ అడగని చారెడు నేల దొరికితే అందులో పడిన విత్తనం ఆ కుండలోదే. శత్రువు అన్న ఎలుకే మాకు విత్తనపు కోఠీ అయింది. ఇందులో గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు, ఉన్నమాట ఉన్నట్టు రాస్తున్నాం.

కుండలో గింజలు లేని ఏడు నాగుకు తెచ్చుకోవాలి. నాగు అంటే గింజల అప్పు. వానలకు ముందు ఒక బస్తా తెస్తే పంటకు బస్తాన్నర కొలవాలి, గడ్డుకాలంలో రెండూ కొలవాలి. విత్తేనాడు ధాన్యం ధర ఎక్కువ, కోసేనాడు తక్కువ. ఆ తేడా కూడా ఇచ్చినవాడికే పోదు, లోతుగా చూస్తే తెచ్చుకున్నవాడి మీదనే పడుతుంది, ఎందుకంటే ధర పడిపోయిన నాడు వాడు ఇంకా ఎక్కువ గింజలు అమ్మితే తప్ప మిగతా అప్పులు తీరవు. అల్లిన గాదెలోంచే అప్పు తెచ్చుకుని, అదే గాదెలోకి ఒకటిన్నర రెట్లు తిరిగి పోసిన కుటుంబాల సంగతి ఏ రెవెన్యూ రికార్డులోనూ వెతకనక్కరలేదు, ఉండదు.

ఆనకట్టకు ముందు, 1832-33లో, నందన నామ సంవత్సరంలో గుంటూరు సీమను కరువు ఊడ్చేసింది. డొక్కల కరువన్నారు. ఐదు లక్షల జనంలో లక్షన్నర మందికి తక్కువ కాకుండా పోయారని లెక్క. ఆనకట్ట ఎందుకు కట్టారంటే ఈ కరువునే చూపిస్తారు. అలాంటి ఏడు విత్తనపు కుండ మూత తీయక తప్పదు. తీస్తే వచ్చే ఏడు లేదు, తీయకపోతే ఈ వారం లేదు. ప్రపంచంలో ఈ సంకటానికి పేరుమోసిన కథ లెనిన్‌గ్రాడ్‌ది. 1941 నుంచి 1944 దాకా జర్మన్ సేనలు ఆ నగరాన్ని చుట్టుముట్టినప్పుడు, నికొలాయ్ వావిలోవ్ దేశదేశాలు తిరిగి కూడబెట్టిన విత్తనాలను అక్కడి శాస్త్రజ్ఞులు ముట్టకుండా కాపాడారు. వరి విత్తనాల బాధ్యుడు దిమిత్రి ఇవనోవ్ వేల వరి పొట్లాల మధ్య ఆకలితో చనిపోయాడు. ఆ త్యాగానికి మేమూ తల వంచుతాం. కాని ఆయన కాపాడింది తనదనుకున్న సంపద, తన వృత్తి, తన దేశం. పరాయివాడి కళ్ళానికి కావలి పడుకుని, పిల్లలు పస్తున్నా ఆ కుప్పలో చెయ్యిపెట్టని యానాది కాపలాదారుకు దక్కిందేమిటి? తెల్లారి కుప్ప తగ్గినట్టు కనిపిస్తే మొదటి అనుమానం.

ఆ అనుమానాన్ని చట్టం చేశారు. దానికి ముందు జరిగింది కొంత చెప్పాలి. లంబాడీలు మొగలుల సైన్యాలకూ నిజాం సైన్యాలకూ ఎద్దులమీద ధాన్యం మోసినవాళ్ళు. ఎరుకలు గాడిదల మీద కోస్తా ఉప్పును పైకీ, పైసీమ ధాన్యాన్ని కిందికీ మోసేవాళ్ళు. ధాన్యం నడిచిన దారిలోనే విత్తనమూ నడుస్తుంది. ఒక ఊళ్ళో చచ్చిన రకం మరో ఊరి నుంచి మళ్ళీ రావాలంటే నడిచే మనుషులు కావాలి కదా. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్తకు తీసుకుంది. 1882 అటవీ చట్టంతో వెదురు నరకడానికి అనుమతులు, రుసుములు వచ్చాయి. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. ఎద్దు నెల రోజులు మోసేది బండి ఒక రాత్రిలో మోసింది. ఉప్పు పోయి, వెదురు పోయి, మోత పోయాక కూడా తిరుగుతూ ఉన్నవాణ్ణి చూసి, వీడు ఎందుకు తిరుగుతున్నాడని సర్కారు అడిగింది! చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో ఎరుకల విషయంలో ఈ వరసను విడమరిచి చూపించారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. ఎరుకలు ఆ జాబితాకెక్కారు.

1913 ప్రాంతంలో రక్షణ సైన్యం చేతికి సెటిల్‌మెంట్లు వచ్చాయి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం, బెజవాడకు ఎదురుగా సీతానగరం. సీతానగరంలో ఎరుకలవాళ్ళ చేత రాయి కొట్టించారు. గాదె అల్లే వేళ్ళకు సమ్మెట ఇచ్చారు. స్టువర్టుపురం వ్యవసాయ సెటిల్‌మెంటు, అక్కడ సాగుకు నేల చూపించారు, చాలామందిని చీరాల పొగాకు కంపెనీ పనికీ పంపారు. హాజరు వేయించుకోవాలి, పొలిమేర దాటాలంటే చీటీ కావాలి. విత్తనం అడగడానికి పక్క ఊరి చుట్టం ఇంటికి వెళ్ళడం నేరమయ్యే రోజుల్లో విత్తనం ఎలా చేతులు మారుతుంది? మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం పోయింది. నలభై ఏళ్ళు అంటే ఒక తరం అల్లిక నేర్చుకోకుండా పెరగడానికి సరిపోయే కాలం.

ఈలోగా విత్తనం ఇల్లు కూడా మారింది. 1925లో మారుటేరులో వరి పరిశోధన కేంద్రం పెట్టారు. అక్కుళ్ళు, అట్రగడ, కొణామణి లాంటి పాత రకాల నుంచి మేలైనవి ఏరి, శుద్ధిచేసి, నంబర్లు ఇచ్చారు. 1960ల చివర ఐ.ఆర్. 8 వచ్చింది. 1966లో విత్తన చట్టం, 1976లో రాష్ట్ర విత్తనాభివృద్ధి సంస్థ. 1980ల్లో మారుటేరు స్వర్ణ, బాపట్ల సాంబమసూరి డెల్టాను నింపేశాయి. విత్తనం సంచిలో, చీటీతో వచ్చింది. గోనెసంచి, ఆ తర్వాత ప్లాస్టిక్ సంచి వచ్చాక గాదెతో పని లేకపోయింది. దీన్ని మేము ఏడుపుగా రాయడం లేదు. పాత రకాలు పండిన రోజుల్లో మా ఇళ్ళలో అన్నం పండగనాటి సంగతి. కొత్త రకాల దిగుబడి వల్ల, 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం వల్ల మా పిల్లలు రోజూ అన్నం తిన్నారు. పాతదంతా బంగారమని చెప్పే పెద్దమనుషులు ఆ పాతకాలంలో ఎవరి గాదె పక్కన కూర్చుని మాట్లాడుతున్నారో గమనించాలి.

అయినా సంచి అన్నిటికీ జవాబు కాదని 1977 చెప్పింది. నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రం వచ్చినప్పుడు వరి కోతకు సిద్ధంగా ఉంది. పది వేలమందికి పైగా చనిపోయారు. చేలో ఉన్న పంటే వచ్చే ఏటి విత్తనం కూడా; రెండూ ఒక్క రాత్రి ఉప్పునీటిలో నానాయి. ఇంట్లో దాచిన మినుములూ ఇంటితో పోయాయి. తీరం వెంట గుడిసెల్లో ఉన్న యానాదుల దగ్గర పోవడానికి గాదెలు లేవు, మనుషులే పోయారు. మళ్ళీ విత్తనం పైఊళ్ళ నుంచీ, సర్కారు నుంచీ రావలసి వచ్చింది. ఒక రకం నాలుగు చోట్ల, నాలుగు ఇళ్ళలో ఉండటం ఎందుకు అవసరమో అంతకన్నా గట్టి పాఠం లేదు.

మా దగ్గర నిజంగా మాదిగా నిలిచిన విత్తనం వరి కాదు, పాదులది. నేల లేకపోయినా గుడిసె పైకప్పు ఉంటుంది. దానిమీదికి సొర, బీర, గుమ్మడి, చిక్కుడు పాకుతాయి. ఆ గింజలకు ఆసామి లేడు, నాగు లేదు. గుడిసె మారితే చెంగున కట్టుకుని పోవచ్చు. ఎ.కొండూరు, మైలవరం వైపు తండాల్లో శ్రావణంలో తీజ్ చేస్తారు. పెళ్ళికాని ఆడపిల్లలు దుస్సేరు తీగ బుట్టల్లో పుట్టమన్ను, మేక ఎరువు పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకలు పెంచుతారు. ఈ వైపు గోధుమ పండదు. ఉత్తరాన ఎక్కడో విడిచి వచ్చిన పొలాన్ని ఒక బుట్టలో మోసుకు తిరుగుతున్నారన్నమాట. వానాకాలం మధ్యలో గింజ మొలక శక్తిని తొమ్మిది రోజుల్లో తేల్చి చూపించే ఈ పని పండగ పేరు మీద బతికింది.

2001లో దేశం మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం చేసింది. రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు వేయకుండా అమ్ముకోవచ్చు. సంప్రదాయ రకాలను కాపాడి నిలిపినవాళ్ళు కూడా ఈ చట్టంలో రైతులే. ఈ చివరి మాటను మా జాతులవాళ్ళు గట్టిగా పట్టుకోవాలని మా అభిప్రాయం. పట్టాదారు పాసుపుస్తకం చూపిస్తేనే రైతు అనే ఆఫీసుల్లో ఈ వాక్యాన్ని చదివి వినిపించాలి. గుడిసె మీద సొరతీగ పాకించి నాలుగు తరాలుగా గింజ తప్పకుండా నిలిపిన ముసలమ్మ చట్టం ప్రకారం ఎవరు?

అందుకని మేము గుర్తున్నంతవరకు రాసిపెట్టడం మొదలుపెట్టాం. ఎరుకల కాలనీల్లో ఇప్పుడు అల్లేది పెళ్ళి బుట్టలు, కోళ్ళగంపలు. గాదె అడుగు అల్లడం తెలిసినవాళ్ళు ముసలివాళ్ళు. వాళ్ళ చేత చిన్న సైజులో ఒక్కటైనా అల్లించి చూడాలి, మాటల్లో రాస్తే చేతికి రాదు. విత్తనం బుర్ర సంగతి మాత్రం మాటల్లో చెప్పొచ్చు. విత్తనానికి విడిచిన సొరకాయను తీగమీదే ఉంచాలి, తీగ ఎండిపోయినా కోయకూడదు. కాయ తేలికపడి, ఊపితే లోపల గింజలు గలగలమన్నాక కోసి, తొడిమ దగ్గర చిన్న కన్నం చేసి గింజలు దులపాలి. కాయను వారం రోజులు పొయ్యి పైన ఉట్టిలో పొగ తగలనివ్వాలి. ఆ తర్వాత అదే బుర్రలో బూడిద కలిపిన గింజలు పోసి, కన్నానికి తాటాకు చుట్టి పేడతో మూసి, మళ్ళీ ఉట్టిమీదే పెట్టాలి.